అక్క కసురు

“పాపను అంత బిగించి చుట్టకే, చేతులు ఆడనీ” అంది అమ్మ.

“నీకేం తెలీదు, ఊరుకో అమ్మా!” అని అక్క కసురుకుంది.

“గట్టిగా చుడితేనే ఉలిక్కిపడకుండా నిద్రపోతుంది” అన్నారు అక్క వాళ్ళ అత్తగారు.

“అలాగే అత్తయ్యా” అంటూ అక్క పన్నెండు రోజుల పాప చుట్టూ గుడ్డ ఇంకా బిగించింది.

అమ్మ ముఖం మాడిపోయింది. వంటింట్లోకి వచ్చి, కడిగిన పాలసీసాలనే మళ్ళీ కడగసాగింది.

“కన్నది నేను, పెంచింది నేను. చెల్లేది మాత్రం ఆవిడ మాట” అంది నాతో. నాకూ ఆవిడ మీద ఒళ్ళు మండింది.

ఇంతలో ఆవిడే ఖాళీ గిన్నె పట్టుకుని వచ్చారు.

“మిమ్మల్ని చూస్తే నాకు కుళ్ళుగా ఉంది వదినా.”

“నన్ను చూసా? నా మాటంటే దానికి పూచికపుల్లతో సమానం!”

“మిమ్మల్ని కసురుతుంది కదా. నాతో మూడేళ్ళ నుంచీ ‘అలాగే అత్తయ్యా’ తప్ప ఇంకో మాట లేదు. నేనిటు తిరగ్గానే ఆ గుడ్డ వదులు చేసేసింది, చూడండి.”

నేను గదిలోకి తొంగిచూశాను. పాప రెండు చేతులూ బయటే ఉన్నాయి.

అప్పుడే ఆవిడ చేతిలోని గిన్నె జారి ఠంగుమని కింద పడింది.

“అబ్బా, అత్తయ్యా! ఇప్పుడేగా పడుకుంది! కాస్త మెల్లగా ఉండలేరా?” లోపల్నుంచి అక్క అరిచింది.

అమ్మ కంగారుగా ఆవిడ వైపు చూసింది.

ఆవిడ ముఖం వెలిగిపోతోంది. “విన్నారా వదినా, నన్నే!” అన్నారు.