ఒక్క తూరిలో

"ఎదురు తిప్పు మే, ఎదురు! ట్రాలీ తోక కుడికి రావాలంటే స్టీరింగు ఎడమకు తిప్పాల. ఎన్ని తూర్లు చెప్పాల నీకు?"

గురప్ప అరిచిన అరుపుకు మామిడి తోటలో పిట్టలు కూడా లేచిపోయాయి. ట్రాక్టరు మీద కూర్చున్న లోహితకు మాత్రం ఆ అరుపులు అలవాటైపోయాయి. పద్దెనిమిది నిండి, లైసెన్సు చేతికొచ్చిన రోజు నుంచి కళ్లంలో ఇదే పాట. నాయన రెండు వెదురు కర్రలు పాతి, వాటి మధ్యకు ట్రాలీని వెనక్కి తెమ్మంటాడు. అదేమో మొండి ఎద్దులాగా తనకు తోచిన పక్కకు అడ్డం తిరుగుతుంది. కర్ర ఫెళ్లున విరుగుతుంది. ఆయన ఇంకో కర్ర తెచ్చి పాతుతాడు.

"ఒక్కసారి నువ్వెక్కి చూపించు నాయనా. చూసి నేర్చుకుంటా."

"ఆకలి నీదైతే నేను తింటే తీరుతాదా? ఊ, మళ్లీ తియ్!"

ఆ ట్రాక్టరు గురప్పకూ, ఆయన తమ్ముడు గోవిందయ్యకూ ఉమ్మడిది. అన్నకు వయసు మళ్లుతోంది, ఈ కాపు నుంచి డ్రైవరును పెడదామని గోవిందయ్య పట్టు పట్టాడు. నా కూతురుండగా డ్రైవరెందుకని గురప్ప అడ్డం తిరిగాడు. అప్పుడు గోవిందయ్య పకపకా నవ్వేశాడు.

"ముందుకెవురైనా తోల్తారన్నా. జ్యూసు ఫ్యాక్టరీలో కాయలు దించే సందులోకి వెనక్కి పెట్టాల్నే! మొదటి లోడు పాప ఒక్క తూరిలో పెడితే బండి పాపదే. లేదంటే డ్రైవరే."

ఆ నవ్వు లోహితకు ముల్లులా గుచ్చుకుంది. డిగ్రీ చదువుతూనే ఈ బండి తోలాలని ఆమె ఆశ. బడికి పోని వయసులోనే నాయన ఒళ్లో కూర్చుని పట్టుకున్న స్టీరింగు అది. దాని మీద ఇంకెవరో చెయ్యి వేస్తారంటే ఆమెకు అన్నం సహించలేదు.

నాయన తిట్టినా ఊరికే తిట్టడు. "చక్రాన్ని కాదు, ట్రాలీ మూలను సూడు" అంటాడు. "అడ్డం తిరిగినాక ఏం లాభం? తిరగబోతా ఉండంగానే సరిచెయ్యాల" అంటాడు. ఆమె తప్పు చేయకముందే ఆ తప్పు ఆయనకు తెలిసిపోయేది. ఎట్లా తెలుస్తుందో దేవుడికే ఎరుక.

పదహారో రోజు ట్రాలీ నేరుగా వచ్చి కర్రల మధ్య నిలబడింది. లోహిత ఎగిరి గంతేసింది. గురప్ప వెంటనే కర్రలు పీకి, ఇంకా దగ్గరగా పాతాడు.

మొదటి లోడు తోతాపురి మామిడి కాయలతో వడమాలపేట దాటుతున్నప్పుడు స్టీరింగు లోహిత చేతిలోనే ఉంది. పక్కన మడ్‌గార్డు మీద నాయన కూర్చున్నాడు. ఎన్నడూ ఫ్యాక్టరీ మొహం చూడని గోవిందయ్య కూడా తమాషా చూడడానికి బైకు మీద వెంట వచ్చాడు. గేటు లోపల వరుసగా ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. వీళ్ల వంతు రాగానే యార్డులో బండ్లను చూసుకునే వెంకటముని గబగబా వచ్చి, ట్రాక్టరు మెట్టు మీద కాలు పెట్టాడు.

"దిగు పాపా, నేను వెనక్కి పెడతా."

లోహితకు చుర్రుమంది. "ఎందుకు దిగాల? నాకు చేతుల్లేవా?"

వెంకటముని తెల్లబోయి గురప్ప వైపు చూశాడు. గురప్ప చప్పున కిందికి దిగి, "దాన్నే పెట్టనీ అప్పా" అన్నాడు.

సందుకు రెండు పక్కలా సిమెంటు స్తంభాలు. ఇటు జానెడు, అటు జానెడు చోటుంది, అంతే. లోహిత వెనక్కి తిరిగి, ట్రాలీ మూల మీదే చూపు నిలిపింది. ట్రాలీ మూల ఎడమకు జరగబోయింది. జరగబోతుండగానే సరిచేసింది. బండి మెల్లగా, బుద్ధిగా లోపలికి పోయి, దించే గట్టుకు ఠప్‌మని ఆనుకుంది. ఒక్క తూరే!

ఎవరో ఈల వేశారు. గురప్ప కండువా గాల్లో ఊపుతూ, "సూసినారా! నా కూతురు! నా కూతురబ్బా!" అని చిన్నపిల్లాడిలా గంతులేశాడు. ఆయన కళ్లనిండా నీళ్లు. గోవిందయ్య దగ్గరికొచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "ఓడిపోయినాను పాపా. బండి నీదే. నువ్వు అచ్చం మీ నాయనే!"

లోహిత గుండె పొంగిపోయింది. గోవిందయ్య టీ చెప్పడానికి పోయాక, ఆమె నేరుగా వెంకటముని దగ్గరికి వెళ్లింది.

"ఏం మామా, ఆడపిల్లననే కదా దిగమన్నావు? నా చోట మా నాయన ఉంటే అట్లా అంటావా?"

వెంకటముని అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇరవై ఏండ్లుగా మీ నాయన్ను దించి నేనే కదమ్మా పెడతా ఉండేది!"