బకెట్‌కి పది చుక్కలు

బకెట్‌లోని పంపునీళ్ళలో ఇల్లాలు తొమ్మిదో చుక్క మందు వేస్తుండగా తలుపు విరిగినంత చప్పుడైంది.

వెల్డరు లోపలికొచ్చాడు. చేతిలో ఇనపరాడ్డు. రెండిళ్ళ అవతలి మనిషే. వాంతులు, విరేచనాలతో అతని ఐదేళ్ళ కూతురు పోయి మూడు రోజులైంది. ఆ వీధి పిల్లలే ఇంకో నలుగురు ఆస్పత్రిలో ఉన్నారు.

కంచం ముందు కూర్చున్న ఇంటాయన భుజం మీద మొదటి దెబ్బ పడింది. ఆయన ఊరి నీళ్ళ ట్యాంకు దగ్గర ఆపరేటరు. రెండో దెబ్బకి నుదురు చిట్లి కంచంలో రక్తం కారింది.

"నా బిడ్డ తాగింది నువ్వు వదిలిన నీళ్ళే. క్లోరిన్ కలిపావా లేదా? అదొక్కటి చెప్పు," అన్నాడు వెల్డరు.

కేకలకి వీధి వీధంతా దిగింది. నలుగురు పట్టుకుంటే గాని అతను ఆగలేదు.

ఆపరేటరు నుదురు అదిమి పట్టుకుని గోడకి చేరగిలబడ్డాడు. "రోజూ నా చేత్తోనే కలుపుతున్నా తమ్ముడూ. నమ్మకపోతే ఆ చేపల తొట్టి చూడు. నీళ్ళు మార్చినప్పుడల్లా మీ వదిన చుక్కల మందు వేస్తుంది. ఎందుకనుకున్నావు? క్లోరిన్‌కి విరుగుడు. అది లేకుండా పంపునీళ్ళు పోస్తే చేపలు బతకవు."

"నిజం బాబూ," అంది ఇల్లాలు. "పోయినేడు ఒక్కసారి మరిచిపోయాను. పూట తిరక్కుండా తొమ్మిది చేపలు తేలిపోయాయి."

ఆవిడ అబద్ధమాడే మనిషి కాదని వీధికంతా తెలుసు. పక్కింటి టైలరు తల పంకించాడు.

"కడుపుకోత కాదనంరా. అలాగని కనిపించినవాడి బుర్ర బద్దలు కొడతావా?"

వెల్డరు ఒక్క విదిలింపు విదిలించుకున్నాడు. రాడ్డు తొట్టి మీద పడింది. అద్దం భళ్ళున పగిలి నీళ్ళు గదంతా పరుచుకున్నాయి.

ఇక జనాన్ని ఆపేదెవరు? జుట్టు పట్టుకుని అతన్ని వీధిలోకి ఈడ్చారు. మొన్న అతన్ని కావలించుకుని ఏడ్చినవాళ్ళే ఇవాళ డొక్కలో తన్నారు. న్యాయం చేస్తున్నామనుకుంటే మనిషికి చెయ్యి బాగా ఆడుతుంది. ఎవరో ఆ రాడ్డే అందుకుని మోకాలి మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు లోపలికి వినిపించింది.

లోపల చేపలు గచ్చు మీద ఎగిరెగిరి పడుతున్నాయి. బకెట్ బోర్లాపడింది. మందు సీసా ఎవరి కాలికిందో నలిగిపోయింది. ఇల్లాలు గాజుపెంకుల మధ్య నుంచి చేపల్ని ఏరి గిన్నెలో వేసి, కుళాయి కింద పెట్టింది. తిప్పడానికి చెయ్యి రాలేదు.

"ఏమండీ, మందు లేదు. ఈ నీళ్ళు పడితే చచ్చిపోతాయండీ," అని ఏడ్చింది.

ఆపరేటరు లేచి వెళ్ళి వీధి తలుపు దగ్గరికి వేశాడు. గొంతు తగ్గించాడు.

"పట్టెయ్యవే, ట్యాంకు దగ్గర క్లోరిన్ నిండుకుని నెలయింది."