గురజాలలో బండి చూడటానికి

“గుంటూరు స్టేషన్లో లేని రైళ్లు గురజాలలో ఏమున్నాయే?” అన్నాడు కృపాదానం, పిల్లవాడి బొంతను సంచీలో కుక్కుతూ.

“ఇక్కడ జనమే కనపడతారు. రైలెక్కడ కనపడుద్ది? అక్కడైతే తీరిగ్గా చూడొచ్చు,” అంది మస్తానమ్మ.

అతను మరి రెట్టించలేదు. మూడేళ్లుగా ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున వాళ్లిద్దరి మధ్యా నడిచే మాటలే అవి. మా ఆవిడకు రైళ్ల పిచ్చి అని ఇరుగుపొరుగుతో నవ్వుతూ చెప్పేవాడు. ఆ పిచ్చి ఏమిటో అతనికి తెలుసు. తెలిసినట్టు ఎన్నడూ బయటపడలేదు.

జట్కాలో స్టేషనుకు వెళ్లి ఆమె మాచర్ల బండి ఎక్కేది. గురజాలలో దిగి, ఆ బండి మాచర్ల పోయి తిరిగొచ్చేదాకా ప్లాట్‌ఫారం బెంచీ మీదే కూర్చునేది. నాపరాళ్లు నింపుకున్న గూడ్సు వచ్చి, ఇంజను నీళ్లు తాగి కదిలేది. ఊరు అక్కడికి మైలు దూరం. ఆమె పుట్టిన ఊరే. అటు మాత్రం ఒక్క అడుగు వేసేది కాదు.

ఆమె తండ్రి పెదకోటయ్య రైల్వేలో కీమ్యాను. సుత్తి భుజాన వేసుకుని, పట్టాలను బిగించిన కీలు వదులయ్యాయేమో కొట్టి చూసుకుంటూ మైళ్లకు మైళ్లు నడవడం ఆయన పని. తల్లి లేని కూతుర్ని అపురూపంగా పెంచి మిషన్ బడికి పంపాడు. ఆ బడి పంతులు కృపాదానాన్నే పెళ్లాడతానని ఆమె అన్ననాడు, కులపెద్దలందరి ముందూ లేచి నిలబడ్డాడు.

“ఇది నా గడప తొక్కగూడదు. దీంతో మాట్టాడితే నేను పెదకోటయ్యనే కాదు.”

స్టేషను ఆయన గడప కాదు. మస్తానమ్మ పట్టుకున్న ఆధారం అదొక్కటే.

మొదట్లో ఆయన రైల్వే వాళ్లిచ్చిన నీలం కోటు తొడుక్కుని, తల వంచుకుని, ఆమె కళ్లు నిలిపేలోగా దాటిపోయేవాడు. అంతమాత్రానికే ఆమెకు నెల గడిచేది. పోను పోను నడక మందగించింది. ఎండకు కాబోలు, కోటు వేసుకోవడం మానేశాడు. బెంచీకి ఎదురుగా ఉన్న కీనే పదిసార్లు కొట్టేవాడు. ముందుకు వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి కొట్టేవాడు. నాన్నకు మతిమరుపు వస్తోందేమోనని ఆమెకు బెంగగా ఉండేది.

పోర్టరు యల్లమంద ఆమెకు చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చేవాడు.

“నాన్న చిక్కిపోయాడేంది బాబాయ్?” అని అడిగేది.

“వయసు మీద పడతంది గదమ్మా,” అనేసి గబగబా వెళ్లిపోయేవాడు.

ఆ ఆదివారం మస్తానమ్మ మూడు నెలల పిల్లవాణ్ణి మొదటిసారి తీసుకుని వెళ్లింది. పెదకోటయ్య వచ్చాడు. పట్టాల మధ్య కూర్చుని కొట్టడం మొదలెట్టాడు. ఆమె ప్లాట్‌ఫారం అంచుకు వెళ్లి బొంత తొలగించింది.

“నాన్నా! నీ మనవడు. ఒక్కసారి తలెత్తి చూడు.”

సుత్తి ఆగింది. ఆయన భుజాలు కదిలాయి. తల మాత్రం లేవలేదు.

“డ్యూటీలో ఉన్నోళ్లతో మాట్టాడగూడదు,” అన్నాడు పట్టాతో చెబుతున్నట్టు.

మూడేళ్లకు విన్న గొంతు. ఆ మాటకు ఏడవాలో, మాట్లాడాడని సంతోషించాలో ఆమెకు తోచలేదు. తిరుగు బండి వచ్చేదాకా సుత్తి చప్పుడు వినపడుతూనే ఉంది.

తరవాతి నెల మళ్లీ వెళ్లింది. గూడ్సు వచ్చి పోయింది. ఎండ నడినెత్తికి ఎక్కి, పక్కకు వాలింది. పట్టాల మీద ఎవరూ రాలేదు.

“నాన్న ఇయ్యాల రాలేదేంది బాబాయ్?”

యల్లమంద తలపాగా విప్పి చేత్తో పట్టుకున్నాడు.

“పోయిన బుధవారం పోయాడమ్మా. జరమొచ్చి మూడు రోజులే మంచాన ఉన్నాడు.”

ఆమె పిల్లవాణ్ణి గుండెలకు అదుముకుని బెంచీ మీద కూలబడింది.

“నాకు కబురన్నా చెయ్యలేదేంది?”

“కులపోళ్లు చెయ్యనియ్యలా. నన్ను తిట్టుకోమాక తల్లీ.”

“నిన్నెందుకు తిడతాను? ఆయనకే నేను అక్కర్లేకపోయె. ఇంత దూరం నుంచి నెలనెలా వచ్చి కూచున్నా బాబాయ్. డ్యూటీ కాబట్టి ఈ దోవన నడిచాడే గాని, నా కోసమని ఒక్క అడుగన్నా ఎయ్యలేదు.”

యల్లమంద గొంతు సవరించుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

“చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఇంక దాచి ఎవరికి ఉపకారం?” అంటూ ఆమె పక్కన కింద కూర్చున్నాడు.

“మీ నాయన పని దిగిపోయి రెండేళ్లయిందమ్మా.”