నూట పదమూడో సంచిక

ఎటియెన్ ఇల్లు దాటి బయట అడుగుపెట్టి నాలుగు నెలలైంది.

తుంటి ఎముక విరిగాక కూతురు క్లేర్ ఆయన్ని ఫ్రాన్స్ నుంచి దోహాకు తెచ్చుకుంది. ఆమె ఇక్కడ బళ్ళో టీచరు. అల్ హిలాల్ పేటలో రెండో అంతస్తులో కాపురం. బయట ఎండ, లోపల ఏసీ. కిటికీలు తెరవరు. డెబ్భై మూడేళ్ళ మనిషి పొద్దస్తమానం చక్రాల కుర్చీలో కూర్చుని తన పత్రిక చరిత్ర రాసుకుంటాడు.

ఆ పత్రిక పేరుకు మన భాషలో 'చీకటి మెట్లు' అని అర్థం. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట కోసం పుట్టిన పత్రిక అది. ఆటలో ఒకరు కథ నడుపుతారు. ఇదిగో కోట, ఇదిగో కాపలావాడు అంటారు. మిగిలినవాళ్ళు దొంగో సైనికుడో అయి తాము ఏం చేస్తారో చెబుతారు. అది ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది.

1984లో లియోన్‌లో, ఒక కాగితాల కొట్టు వెనక గదిలో, నలుగురు స్నేహితులు రెండు వందల జిరాక్స్ ప్రతులతో మొదలుపెట్టారు. పదేళ్ళకు ఫ్రాన్స్‌లో పెద్ద రైల్వే స్టేషన్లన్నిటా దొరికేది. తర్వాత కంప్యూటర్ ఆటలొచ్చాయి. యజమానులు మారారు. ఒకసారి మూతపడితే పాఠకులే చందాలు వేసుకుని నిలబెట్టారు. నూట పన్నెండో సంచికతో మళ్ళీ ఆగిపోయింది. ఆ నలుగురిలో ఇప్పుడు మిగిలింది ఎటియెన్ ఒక్కడే.

చివరి అధ్యాయం దగ్గర ఆయన కలం కదలడం లేదు. పత్రిక చచ్చిపోయిందని ఒక్క మాట రాస్తే పుస్తకం అయిపోతుంది. ఆ మాటే రాయలేకపోతున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నాలు ఆయనతో ఆడేది ఇద్దరు. వంట చేసే రామాంజులు, క్లేర్ కారు నడిపే మహబూబ్. ఇద్దరిదీ రాయచోటి వైపే. ముసలాయన మీద జాలితో కూర్చోవడం మొదలుపెట్టారు. వచ్చీరాని ఇంగ్లీషులో ఆట సాగేది.

ఒక శుక్రవారం మహబూబ్ ఈసారి కథ తను నడుపుతానన్నాడు. అట్టముక్క మీద ఒక కోట గీసుకొచ్చాడు. ఎత్తైన గోడలు, ఒకటే గేటు, గేటు దగ్గర కాపలావాడు. లోపల ఒక బందీ. ఆమెను బయటికి తేవాలి. మంత్రాలు లేవు, కత్తులు లేవు.

ఎటియెన్ ముఖం విప్పారింది. గోడ ఎక్కిస్తానన్నాడు. గోడ మీద గాజుపెంకులున్నాయన్నాడు మహబూబ్. రామాంజులు కూరగాయల బండిలో దాచి తెస్తానన్నాడు. కాపలావాడు బండి మొత్తం వెతుకుతాడట. రెండో శుక్రవారమూ దారి దొరకలేదు. మూడోవారం రామాంజులుకు విసుగొచ్చింది.

“ఏం కోట కట్నావు మహబూబూ? గాలి గూడా దూరేట్టు లేదే.”

“అట్లనే ఉండాది అన్నా. నేనేం జేసేది?”

నాలుగో శుక్రవారం ఎటియెన్ పాచిక అందుకోబోయాడు. మహబూబ్ దాని మీద చెయ్యి పెట్టాడు.

“పాచిక వద్దు సార్. పాచిక ఎట్లా పడినా ఆమె బయటపడాలి.”

ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత పాత సంచికల పెట్టె తెప్పించుకుని ఒక్కొక్కటే తిరగేశాడు. నలభయ్యో సంచికలో ఒక పాఠకురాలి ఉత్తరం దగ్గర ఆగాడు. కాపలావాడు లోపలికొచ్చేవాళ్ళ ముఖాలు చూస్తాడు గానీ, బయటికి పోయేవాళ్ళను లెక్కపెట్టడని ఆమె రాసింది.

ఆ కోటలో వేడుకలు జరుగుతాయా అని అడిగాడు ఎటియెన్.

ఒక పెళ్ళి ఉందని, ఇంటి ఆడవాళ్ళూ చుట్టాలూ కలిసి బయల్దేరతారని నెమ్మదిగా చెప్పాడు మహబూబ్.

“అందరూ ముసుగులు వేసుకుంటారా?”

“అందరూ సార్.”

బందీకి ముందుగా కబురు చేరాలి కదా, ఎలా అన్నాడు ఎటియెన్. చెత్త సంచీ ఇవ్వడానికి ఆమె రోజూ గేటు దాకా వస్తుందన్నాడు మహబూబ్. రెండు నిమిషాలు. అవి చాలన్నాడు ముసలాయన. ఏ వరుసలో నడవాలో, ఎవరి వెనక నడవాలో, తల ఎంత వంచాలో అన్నీ వివరించాడు. మహబూబ్ ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఆ వారమంతా ఎటియెన్ కలం ఆగలేదు. తన పత్రిక ఒక్క సంచికైనా చదవని మనిషి ఇంత మంచి ఆట అల్లాడంటే అది చావలేదన్నమాట. ఆ ఆటనే చివరి అధ్యాయం చేశాడు. పైన 'నూట పదమూడో సంచిక' అని పేరు పెట్టాడు. గురువారం సాయంత్రం మహబూబ్ సెలవు తీసుకున్నాడని క్లేర్ టాక్సీలో ఇంటికొచ్చింది. అప్పటికి తండ్రి ఆఖరి పేజీలో ఉన్నాడు.

బందీ గేటు దాటిందని రాసి ఆయన చుక్క పెట్టే వేళకు, అల్ రయ్యాన్‌లో ఒక విల్లా నుంచి పెళ్ళికి బయల్దేరిన పదకొండు మంది నల్ల ముసుగుల ఆడవాళ్ళ వెనక, ఇరవై రెండు నెలలుగా యజమానులు బయటికి పోనివ్వని పనిమనిషి పర్వీన్, మహబూబ్ భార్య, పన్నెండో మనిషిగా తల వంచుకుని గేటు దాటింది.