గట్టి ఊపిరి

"ఊదు... ఊదు... ఆపకు, ఇంకా ఊదు!"

టెక్నీషియన్ అరుస్తుంటే క్లారినెట్ మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకుని, పొట్టలో మిగిలిన గాలిని కూడా అట్టగొట్టంలోకి తోసేశాడు. తెర మీద గీత నిట్టనిలువుగా లేచి తీరిగ్గా దిగింది.

"యాభై దాటినా గుర్రంలా ఉన్నావయ్యా!"

"ముప్పై ఏళ్ళు బ్యాండులో ఊదాను మరి."

"ఈసారి కాస్త తగ్గించి ఊదు. అన్నీ ఒక్కలాగే వస్తే మిషన్ చెడిందనుకుంటారు."

మాస్టారికి జబ్బేమీ లేదు. అదే ఆయన ఉద్యోగం. ఊపిరి కొలిచే మిషన్ సరిగా ఉందో లేదో తేలాలంటే గట్టి ఊపిరి ఉన్న మనిషి ఊది చూడాలట. బ్యాండు మూతబడి, ఊదడం తప్ప ఇంకో విద్య రాక దిక్కులు చూస్తున్న రోజుల్లో ఆ క్లినిక్ వాళ్ళు పిలిచి పనిచ్చారు. పొద్దున్నే వెళ్ళి ముప్పైసార్లు ఊది రావడమే. "ఊదుకుంటూ బతికాను, ఊదుకుంటూనే పోతాను" అని అందరికీ చెప్పుకుని నవ్వేవాడు.

ఆ రోజు ఇంటికి వచ్చేసరికి తమ్ముడు మెట్ల మధ్యలో కూర్చుని ఉన్నాడు.

"ఏంరా, ఇక్కడ చతికిలబడ్డావు?"

"ఊరికే... అన్నయ్యా." రెండు మాటలకీ మధ్య దగ్గు.

తల్లీతండ్రీ పోయాక తమ్ముణ్ణి చేతుల మీద పెంచినవాడు మాస్టారు. నలభై ఏళ్ళు దగ్గరపడుతున్నా వాడికి అన్న మాటే వేదం. వంటగది గట్లకు వేసే నున్నటి రాతి పలకలు కోసే షెడ్డులో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాడు.

లోపలికి అడుగుపెట్టగానే మరదలు ఎదురొచ్చింది.

"బావగారూ, మీరైనా ఆయన్ని ఆ పని మానెయ్యమనండి. నీళ్ళు పోస్తూ కొయ్యాల్సిన పలకల్ని పొడిగానే కోయిస్తున్నారట. చొక్కా నానేస్తే బకెట్లో నీళ్ళు పాలలా అవుతున్నాయి. మా చిన్నాన్న బట్టల కొట్లో మనిషి కావాలంటున్నాడు. మీరు ఊఁ అంటే రేపే చేరతారు."

మాస్టారు బీరువాలోంచి కాయితం తీశాడు.

"షెడ్డువాళ్ళు మూణ్ణెల్లకోసారి అందరికీ పరీక్ష చేయిస్తున్నారు కదమ్మా. చూడు, 'ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయి, పనికి తగును' అని రాశారు. ఏ మిషన్ అనుకున్నావు? మా క్లినిక్‌దే! రోజూ దాన్ని సరిచూసేవాణ్ణి నేను. అది అబద్ధం చెప్పదు."

"మరి ఈ దగ్గేంటి?"

"సిగరెట్లు. పైగా ఒంటికి వ్యాయామం లేదు. నాకు వదిలెయ్యి."

మర్నాటి నుంచి మాస్టారి వైద్యం మొదలైంది. సిగరెట్ పెట్టె మురిక్కాలవలోకి పోయింది. తెల్లారగానే నడక, పొద్దూ సాయంత్రం ఆవిరి. ముక్కుతో గాలి పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి, దీపం ఆరకుండా వణికేంత మెల్లగా వదలడం దగ్గరుండి నేర్పాడు. వారం తిరిగేసరికి దగ్గు తగ్గినట్టే అనిపించింది.

తర్వాత పెరిగింది. చొక్కాలు వదులయ్యాయి. మూడు దిండ్లకు ఆనుకుని కూర్చుంటే తప్ప నిద్ర పట్టడం లేదు. భోంచేస్తూ మధ్యలో ముద్ద పక్కన పెట్టి ఆయాసం తీర్చుకునేవాడు. మరదలు మళ్ళీ నోరు విప్పబోతుండగా షెడ్డు నుంచి కొత్త కాయితం వచ్చింది.

మాస్టారు అంకెలు చూసి ఎగిరి గంతేశాడు. "పోయినసారి కంటే మెరుగు! నా వైద్యం ఊరికే పోలేదు. ఆర్నెల్లు ఓపిక పట్టమ్మా. చేతిలో ఉన్న పని వదులుకుంటారా ఎవరైనా?"

తమ్ముడు తలుపు పట్టుకుని కాసేపు నిలబడి, షెడ్డుకు వెళ్ళిపోయాడు. బట్టల కొట్లోకి వేరే మనిషిని పెట్టుకున్నారు.

మాస్టారి వైద్యం మొదలైన ఐదో నెలలో ఒక మధ్యాహ్నం తమ్ముడు కోస్తున్న పలక మీదే కుప్పకూలాడు.

పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పట్టి చూపించింది. నల్లగా ఉండాల్సిన చోటంతా పిండి చల్లినట్టు ఉంది.

"సిగరెట్లు మాన్పించి మంచిపనే చేశారు. కానీ అసలు జబ్బు రాతిపొడి. లోపల పేరుకుని గడ్డకట్టింది. దీన్ని కరిగించే మందు లేదండీ. ఇక ఆక్సిజన్ పెట్టడం, ముదరకుండా కాపాడుకోవడమే. కాస్త ముందుగా ఆ దుమ్ములోంచి బయటపడి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. ఇన్నేళ్ళూ ఒక్క పరీక్షా చేయించలేదా?"

"ఎందుకు చేయించలేదమ్మా!" మాస్టారు సంచిలోంచి కాయితాలన్నీ తీసి మంచం మీద పరిచాడు. "ఇవిగో, ప్రతిసారీ భేషనే రాశారు."

డాక్టరమ్మ ఒక్కోటీ తిరగేసింది. ముఖం గంభీరమైంది.

"మూణ్ణెల్ల కిందట ఇంత ఊపిరి ఉన్న మనిషి ఇవాళ ఈ స్థితిలో ఉండడు," అంది. ఊపిరి కొలిచే చిన్న గొట్టం ఒకటి తెప్పించి తమ్ముడి చేతికిచ్చింది. "మెల్లగా, మీ వల్ల అయినంత ఊదండి."

తమ్ముడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏ వైపు... పెట్టుకోవాలి?"

"అదేంట్రా, కొత్తా నీకు?" మాస్టారు విసుక్కున్నాడు. "మూణ్ణెల్లకోసారి ఊదుతూనే ఉన్నావు కదా!"

తమ్ముడు అన్న ముఖంలోకి వింతగా చూస్తూ ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపాడు.

"సంతకం పెట్టించుకునేవాళ్ళు, అంతే. నన్నెప్పుడూ ఊదించలేదన్నయ్యా."