పిడికెడు ఉప్పు

పెంటప్ప నోటిదాకా పోయిన చెంబుకు ఎవరిదో చెయ్యి అడ్డం వచ్చింది.

చూస్తే నిన్న పనిలో చేరిన కొత్త మనిషి. నరసయ్య.

"వద్దన్నా. ఉప్పునీళ్లు."

ఎండాకాలం నీలం నగర్‌లో ఆ మరమగ్గాల షెడ్డు కొలిమిలా ఉంటుంది. చెమటతో పోయిన ఉప్పు నీళ్లతోనే ఒంట్లోకి తిరిగి రావాలని పెంటప్ప తమ్ముడు కిష్టయ్య నమ్మకం. పొద్దున్నే రంజన్‌ కుండ నింపి, పిడికెడు ఉప్పు వేసేది అతనే. అన్నకు బీపీ ఉంది, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పాడు. చప్పిడి తిండి తిని మగ్గం ముందు నిలబడేదెవడని కిష్టయ్య వాదన.

"ఉప్పు కలిపింది నేనే. నీకేంది నొప్పి?" అన్నాడు కిష్టయ్య.

"ఉప్పు మెదడుకు తగుల్తదట తమ్మీ. మెదడు బేజారై నరాలను బిగబడ్తదట. గప్పుడు బీపీ ఎక్కుతదట. డాక్టర్ చెప్పిండు."

"మెదడే ఉంటే ఈ సాంచమగ్గం కాడ ఎందుకుంటం రా భై!" అన్నాడు పెంటప్ప. షెడ్డంతా నవ్వింది.

మర్నాడు నరసయ్య రంజన్‌ను గుమ్మరించి, ఉత్త మంచినీళ్లు నింపాడు.

కిష్టయ్యకు ఒళ్లు మండింది.

"ఏం కలిపినవ్ రా? మంత్రం చేసినవా, మందు పెట్టినవా?"

కాలరు పట్టుకుని వీధిలోకి నూకాడు. నరసయ్య తిరగబడలేదు. చొక్కా సర్దుకున్నాడు.

"నన్ను కొట్టు తమ్మీ. ఉప్పు మాత్రం ఎయ్యకు."

కిష్టయ్య వేశాడు. కసికొద్దీ ఇంకాస్త ఎక్కువే వేశాడు.

వారం తిరగకముందే పెంటప్ప మగ్గం పక్కన కూలిపోయాడు. మనిషి పడ్డా మగ్గం ఆగలేదు. చద్దరు నేస్తూనే పోయింది.

"మెదడులో నరం చిట్లింది" అన్నాడు డాక్టరు. ఉప్పు సంగతి ఆయన అడగలేదు. కిష్టయ్య చెప్పలేదు.

కాటి దగ్గర కిష్టయ్యకు ఏడుపు రాలేదు. చెవుల్లో మగ్గాల చప్పుడు, అంతే. దూరంగా, అందరికీ ఎడంగా నరసయ్య నిలబడి ఉన్నాడు.

"వాడెందుకొచ్చిండు?"

పక్కనున్న షెడ్డు మనిషి లక్ష్మణ్‌ది జోడ్‌భావి పేట్, నరసయ్య ఉండే గల్లీనే.

"ఏ షెడ్డుల చేరినా నాలుగు దినాలు ఉంచరు అన్నా. రంజన్లు గుమ్మరిస్తడని తన్ని ఎల్లగొడ్తరు."

"వానికెందుకంత?"

"పోయిన ఎండకాలం వాళ్లన్న గూడ గిట్లనే సాంచకాడ పడి సచ్చిపాయె."

లక్ష్మణ్ గొంతు తగ్గించాడు.

"ఆ షెడ్డు రంజన్ల దినాం ఉప్పేసింది ఈ నరసయ్యనే."