సొలొమోను చీటీ

సొలొమోను పాస్టరుగారి తెల్ల ప్యాంటు మీద ఉచ్చ పోసేశాడు.

అదీ ప్రార్థన మధ్యలో, అందరూ కళ్లు మూసుకుని ఉండగా.

సొలొమోను అంటే కుందేలు. నాలుగేళ్ల మగ కుందేలు. బైబిల్లో ఆ పేరుగల రాజుకు ఏడు వందలమంది భార్యలు, దీనికి ఒక్కతీ లేదు. ఆ కసంతా దిండ్ల మీదా, చెప్పుల మీదా, ఇంటికొచ్చినవాళ్ల కాళ్ల మీదా తీర్చుకునేది. ఓసారి రైల్వే బూటును ఇటు కొరికితే పన్ను అటువైపు తేలిందనీ, దాన్ని ఊడదీయడానికి ఇద్దరు గ్యాంగ్‌మన్లు కావలసి వచ్చారనీ జకర్యా చెప్పేవాడు. అందులో సగం నమ్మినా చాలు.

జకర్యా మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో ఉండే గూడ్స్ క్లర్కు. భార్య ప్రేమమణి టీచరు.

పాస్టరుగారు గడప దాటగానే ప్రేమమణి కొంగు బిగించింది.

"ఏమండీ, దీనికి ఆపరేషన్ చేయిస్తారా, నన్ను పుట్టింటికి పంపుతారా?"

"మా ఊళ్లో కోడెలకు విత్తులు కొట్టించేవాళ్లు. కుందేలుక్కూడానా? తోటి మగాణ్ణి, ఎలా ఒప్పుకోమంటావే?"

"మీ జోలికి ఎవరూ రాలేదు లెండి. దాని సంగతి చెప్పండి."

గుమ్మంలో సైకిల్ ఆగింది. రోజూ సాయంత్రం పచ్చగడ్డి తెచ్చే ముసలాయన. గడ్డి తాత అనేవాళ్లు. పేరు ఎవరూ అడగలేదు.

"అమ్మా, వేరే కుందేలైతే చేపియ్యమనే అంటుంటి. దీనికి వద్దు. దీని ఊపిరి మంచిగ లేదు. మత్తుకు తట్టుకునుడు కష్టం."

"నువ్వు డాక్టరువా తాతా?"

"కాదమ్మా."

"అయితే గడ్డి సంగతి చూడు."

మూడు రోజులు వాదించుకున్నారు. చివరికి ప్రేమమణి తన పుట్టింటి పద్ధతి పట్టింది. వాళ్లింట్లో గేదెను కొనాలన్నా, గోడకు సున్నం వేయాలన్నా ప్రార్థన చేసి చీటీ తీయాల్సిందే. వచ్చింది దేవుడి మాట. తీసే చెయ్యి మాత్రం ఇంటివాళ్లది కాకూడదు.

ఒక చీటీ మీద 'చేయించు'. ఇంకోదాని మీద 'వద్దు'. రెండూ కాఫీపొడి డబ్బాలో పడ్డాయి.

చెయ్యి గడ్డి తాతది.

తాత ఒక చీటీ తీసి విప్పాడు. చదివాడు. కాసేపు కుందేలు వైపు చూశాడు.

"వద్దని ఉన్నదమ్మా."

అంటూనే ఆ చీటీని గడ్డిపరకల్లో చుట్టి సొలొమోను నోటికందించాడు. తన తీర్పును తనే నమిలి మింగిన రాజు లోకం పుట్టాక అదొక్కటే.

జకర్యా ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ప్రేమమణి "ఆయన చిత్తం" అని ఊరుకుంది.

నాలుగో రోజు డబ్బా కడగబోతే అడుగున రెండో చీటీ కనిపించింది.

"ఏమండీ, మిగిలిన చీటీలో 'వద్దు' అని ఉంది. మరి తాత తీసిందేమిటి?"

జకర్యా చీటీ లాక్కుని రెండువైపులా తిప్పి చూశాడు.

"ఇద్దరూ కూడబలుక్కున్నారా?"

"బైబిలు మీద ఒట్టు మణీ, నాకేం తెలియదు."

"దేవుడి ముందు నన్ను వెర్రిదాన్ని చేశారు."

లోపలికెళ్లి గడియ వేసుకుంది. పన్నెండేళ్ల కాపురంలో ఆ గడియ పడడం అదే మొదలు.

సాయంత్రం సైకిల్ గంట వినగానే జకర్యా వీధిలోకి దూకాడు.

"అబద్ధం చెప్పావా?"

"చెప్పిన సార్."

"ఎందుకు?"

"నిజం ముందే చెప్పిన గద. మీరు ఇనకపోతిరి."

"యూదా ముద్దు పెట్టి ఏసును అమ్మేశాడు. నువ్వు గడ్డి పెట్టి అమ్మేశావు! నా భార్య ముందు నన్ను దొంగను చేశావు."

"గుస్సా నా మీద తీర్చుకోండ్రి సార్. దాని మీద వద్దు."

"రేపే ఆపరేషన్. దేవుడన్నది జరగాలి. నువ్వు మాత్రం మా గుమ్మం తొక్కకు."

తాత తల వంచుకున్నాడు. "రేపు ఎన్ని గంటలకు సార్?"

"తొమ్మిదికి. పశువుల దవాఖానాలో మాట్లాడొచ్చాను. అయితే ఏం?"

తాత సైకిల్ తిప్పుకున్నాడు.

తెల్లారి బుట్టలో సొలొమోనును పెట్టుకుని మొగుడూ పెళ్లాలు పశువుల దవాఖానాకు వెళ్లారు. చూద్దురుగదా, గేటు దగ్గర తాత! ఉతికిన చొక్కా తొడిగి, తల దువ్వుకుని నిలబడ్డాడు.

జకర్యాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇక్కడికీ దాపురించావా? డాక్టరుకి కూడా అబద్ధాలు నూరిపోస్తావా?"

"సార్, జెర ఒక్క మాట..."

"నీ మాట ఒక్కటి విన్నాం, చాలు." కొత్త వాచ్‌మన్‌ను పిలిచాడు. "ఇదిగో బాబూ, వీణ్ణి లోపలికి రానివ్వకు. మా కుందేలు మీద కన్నేశాడు."

వాచ్‌మన్ లాఠీ ఆడించాడు. తాత గేటు వైపు రెండుసార్లు చూసి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

లోపల డాక్టర్ కుసుమకుమారి గడియారం వైపే చూస్తోంది.

"ఒక మనిషి రావాలి. రేపు పెట్టుకుందామా?"

"వద్దమ్మా, ఇవాళే కావాలి," అన్నాడు జకర్యా. ప్రేమమణి కూడా తలూపింది.

డాక్టరమ్మ ఇంకో గంట చూసి లోపలికి వెళ్లింది. పదకొండింటికి బయటికొచ్చింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది.

"ఏమనుకోకండి. మత్తులోంచి లేవలేదు."

ప్రేమమణి ఖాళీ బుట్టను పట్టుకుని బెంచీ మీద కూలబడింది. జకర్యా గోడకు ఆనుకున్నాడు.

"దాని ఊపిరి సంగతి నాకు నిన్ననే తెలిసింది. అయినా ఆయన ఉంటాడన్న ధైర్యంతో ఒప్పుకున్నాను," అంది డాక్టరమ్మ.

"ఎవరమ్మా ఆయన?"

"ముప్పై ఏళ్లు ఈ దవాఖానాలో కుందేళ్లకు మత్తిచ్చింది ఆయనే. ఒక్కటీ లేవకుండా పోలేదు. రిటైరైపోయాడు గానీ నిన్న చీకటిపడే వేళ తనే వచ్చి, రేపొచ్చే కుందేలుకు మత్తు నేనే ఇస్తానమ్మా అన్నాడు. మీ మౌలాలిలోనే సైకిల్ మీద గడ్డి అమ్ముతుంటాడు. కనిపిస్తే, ఎందుకు రాలేదో కాస్త అడగండి."